తీగలేని చెలిమి

వ్రాతకు ఉపయోగపడు పనిముట్లు కాలమునుబట్టి మారుచు వచ్చినవి. తాటియాకుపై గంటముతో వ్రాసిన దినములు గడచినవి. కాగితమును, కలమును వాని స్థానమును ఆక్రమించినవి. పిమ్మట టైపురైటరు వచ్చి వ్రాతపనిని వ్రేళ్ల కొనలకు అప్పగించినది. నేడు అరచేతిలో ఇముడు స్మార్టుఫోను కోట్లకొలది జనులకు పలకయు, కలమును, తపాలాపెట్టెయు అయినది.

అయినను ఫోను అద్దముపై వ్రాయుటలో ఒక చిక్కు కలదు. అద్దముపై కనబడు మీటలు నిజమైన మీటలు కావు; అవి మీటల బొమ్మలు. వాని నడుమ గట్టు లేదు, పల్లము లేదు. నొక్కినపుడు క్రుంగుటయు లేదు. కావున వ్రేలు తనంతట తాను దారి తెలిసికొనజాలదు. ప్రతి అక్షరమునకును కన్ను తోడు రావలెను. అంతేకాక, ఆ బొమ్మలు అద్దములో చాలభాగమును కప్పివేయుటచే, వ్రాసినదానిని చదువుకొనుటకు చోటు తక్కువయగును. రెండు మాటల వార్తకు ఇది చాలును. రెండు పుటల వ్యాసమునకు చాలదు. చూపు లేనివారికిని, చేతులు వణకు వృద్ధులకును ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. నిజమైన కీబోర్డుపై ఎఫ్, జే అను ఆంగ్లాక్షరముల మీటలమీద చిన్న గట్టు ఉండును. చూపుడువ్రేళ్లు ఆ రెండు గట్లను తాకినచో, తక్కిన వ్రేళ్లు తమ తమ తావులను చూడకయే కనుగొనగలవు.

ఈ లోటును తీర్చుటకే కీబోర్డు గల ఫోను తొడుగులు పుట్టినవి. తొడుగునే వాడుకలో కవరు అందురు. ఇది ఫోనును దెబ్బలనుండి కాపాడును. తెరచినపుడు గాని, క్రిందికి జరపినపుడు గాని చిన్న కీబోర్డును వ్రేళ్లకు అందించును. దానిలోపల పలుచని బ్యాటరీ అమర్చబడియుండును. తొడుగునకును ఫోనునకును నడుమ తీగ కానరాదు. కాని మీట నొక్కినంతనే అక్షరము ఫోనుపై ప్రత్యక్షమగును.

ఇది ఇంద్రజాలము కాదు. దీని వెనుక నాలుగు ప్రశ్నలును, వానికి నాలుగు సమాధానములును కలవు. ఏ మీట నొక్కబడినదో కీబోర్డునకు ఎట్లు తెలియును? ఆ వార్త గాలిలో ఎట్లు పయనించును? ప్రక్కవాని ఫోనునకు పోక, తన యజమాని ఫోనునకే ఎట్లు చేరును? ఈ పనులన్నిటికిని బలము ఎచ్చటినుండి వచ్చును?

మూడు మార్గములు

తొడుగుపైనున్న మీట ఫోనుతో మాటలాడుటకు మూడు మార్గములు కలవు. మొదటిది స్పర్శ. 2015లో సామ్‌సంగ్ సంస్థ తన ఫోనులు కొన్నింటికి ఒక కీబోర్డు తొడుగును విడుదల చేసినది. దానిలో బ్యాటరీ లేదు, రేడియో లేదు. దానిని అద్దముపై అమర్చి మీటను నొక్కినచో, ఆ మీట అడుగుభాగము వ్రేలివలెనే అద్దమును తాకును, అంతే.

రెండవది ముడి. ఫోను అడుగున చార్జరు గ్రుచ్చు రంధ్రము ఉండును గదా! తొడుగులోని చిన్న మొన ఆ రంధ్రములోనికి పోయి, అచ్చటినుండియే వార్తలను పంపును. 2024లో ఐఫోనులకై వెలువడిన క్లిక్స్ అను కీబోర్డు తొడుగు ఇట్టిది. దానికి సొంత బ్యాటరీ లేదు. కావలసిన విద్యుత్తును ఫోనునుండియే గ్రహించును.

మూడవది రేడియో. 2014లో అమెరికాలో వెలువడిన టైపో అను తొడుగు ఈ తెగకు చెందినది. సొంత బ్యాటరీ గల తొడుగులలో పెక్కింటికి ఈ మార్గమే ఆధారము. ఫోనుతో ముడి లేనందున ఫోనునుండి విద్యుత్తు రాదు. కావున తన తిండిని తానే మోసికొని రావలెను. తొడుగులో బ్యాటరీ ఉండుటకు మొదటి కారణము ఇదియే.

మీట నొక్కినపుడు

కీబోర్డులో 60 మీటలు ఉన్నవనుకొన్నచో, ఒక్కొక్క మీటకు ఒక్కొక్క తీగ చొప్పున 60 తీగలు కావలెనని తోచును. అన్ని తీగలకు పలుచని తొడుగులో చోటెక్కడిది? కావున మీటలను చదరంగపు గళ్లవలె అమర్చుదురు. అడ్డముగా 6 తీగలు, నిలువుగా 10 తీగలు పరచినచో అవి 60 చోట్ల ఒకదానిపై నొకటి పోవును. ప్రతి కూడలిపైనను ఒక మీట ఉండును. మీటను నొక్కినపుడు ఆ కూడలియందు అడ్డతీగయు, నిలువుతీగయు కలసికొనును. 60 తీగలు చేయవలసిన పని 16 తీగలతోనే ముగిసినది.

లోపలనున్న చిన్న చిప్పు అడ్డతీగలలోనికి ఒకదాని తరువాత నొకటిగా విద్యుత్తును పంపుచు, ఏ నిలువుతీగలో అది తిరిగి కనబడునో చూచుచుండును. మూడవ అడ్డతీగలో పంపిన విద్యుత్తు ఏడవ నిలువుతీగలో కనబడినచో, ఆ రెండును కలియుచోటనున్న మీట నొక్కబడినదని గ్రహించును. ఈ కావలి సెకనునకు పెక్కుమారులు సాగును. నొక్కిన మీట కుదురుకొనులోపల కొన్ని మిల్లీసెకనులపాటు కంపించును. ఆ కంపమును లెక్కించినచో ఒక్క అక్షరము నాలుగైదు అక్షరములుగా పడును. కావున చిప్పు ఒక క్షణము ఆగి, కంపము అణగిన తరువాతనే వార్తను స్థిరపరచుకొనును.

ఇచ్చట గమనింపదగిన విశేషము ఒకటి కలదు. కీబోర్డునకు అక్షరజ్ఞానము లేదు. అది పంపునది అక్షరము కాదు. మీట యొక్క సంఖ్య మాత్రమే. ప్రపంచమందలి కీబోర్డు నిర్మాతలు అంగీకరించిన పట్టికలో ఏ అను మీటకు 4, బీ అను మీటకు 5, కే అను మీటకు 14 సంఖ్యలు కేటాయింపబడినవి. 14వ మీట నొక్కబడినది అని చెప్పుటతో కీబోర్డు పని తీరినది. దానిని ఏ అక్షరముగా చదువవలెనో నిర్ణయించునది ఫోను.

గాలిలో దారి

సంఖ్య సిద్ధమైన పిమ్మట దానిని ఫోనునకు చేర్చవలెను. ఇందుకు వాడు పద్ధతికి బ్లూటూత్ అని పేరు. స్వీడను దేశమందలి లుండ్ నగరములో ఎరిక్సన్ సంస్థయందు యాప్ హార్ట్‌సెన్ అను డచ్చి ఇంజనీరు 1994లో ఈ పనికి పూనుకొనెను. పరికరముల నడుమనున్న తీగలను తొలగించి, కొద్దిపాటి బలము గల రేడియోతో వానిని కలుపుటయే ఆయన ఉద్దేశము.

ఆకాశవాణి ప్రసారములవలెనే ఇవియు రేడియో తరంగములే. తేడా బలమునందును, తరంగము పొడవునందును కలదు. బ్లూటూత్ తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. సామాన్యముగా చిన్న పరికరములు వెలువరించు శక్తి 2.5 మిల్లీవాట్లకు మించదు. ఆ బలము సుమారు 10 మీటర్ల దూరమునకు చాలును. కీబోర్డు మాట ఊరంతయు వినబడనక్కరలేదు. గదిలోనున్న ఫోనునకు వినబడిన చాలును.

ఈ తరంగములు నడచు దారి 2,400 మెగాహెర్ట్జుల ప్రాంతమున కలదు. తక్కువ బలముతో వాడువారు ఈ దారికై లైసెన్సు పొందనక్కరలేదని భారత ప్రభుత్వము 2005లో నియమము చేసినది. లైసెన్సు అక్కరలేని దారి సంతదారివంటిది. అందరును అచ్చటనే నడతురు. ఇంటిలోని వైఫై, వంటకు వాడు మైక్రోవేవ్ పొయ్యి, పొరుగువారి బ్లూటూత్ పరికరములు అన్నియు ఆ ప్రాంతమునే వాడును. ఇంత సందడిలో కీబోర్డు పలుకు ఒక చిన్న మాట చెడిపోక చేరుటకు ఒక ఉపాయము పన్నబడినది.

ఆ దారిని 79 సన్నని బాటలుగా విభజించిరి. కీబోర్డును ఫోనును ఒకే బాటపై నిలువక, ఇద్దరును ముందుగా అనుకొనిన క్రమములో బాటనుండి బాటకు దుముకుచుండును. ఈ దుముకుట సెకనునకు 1,600 మారులు జరుగును. ఒక బాటపై సందడి ఉన్నను, మరుక్షణమున వేరొక బాటపై మాట సాగును. చెడిపోయిన వార్త మరల పంపబడును. 2003లో వచ్చిన సవరణవలన, సందడి ఎక్కువగానున్న బాటలను గుర్తించి వానిని తప్పించుకొని పోవు నేర్పుకూడ ఈ పద్ధతికి అలవడినది. ఇటీవల వచ్చిన తక్కువ విద్యుత్తు వాడు బ్లూటూత్ రకమునందు 79 బాటలకు మారుగా 40 వెడల్పైన బాటలు కలవు. సూత్రము మాత్రము అదియే.

బాటలు మార్చుచు రేడియో వార్తలను పంపు ఊహ బ్లూటూత్ కంటె ఎంతో పాతది. ఆస్ట్రియాలో జన్మించి అమెరికాలో చలనచిత్రనటిగా ప్రసిద్ధి కాంచిన హెడీ లమార్, సంగీతకర్తయగు జార్జి ఆంథీల్ కలసి ఇట్టి పద్ధతి నొకదానిని కనిపెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, నీటిలో నడచు టార్పెడోలకు రేడియో ద్వారా ఆజ్ఞలు పంపునపుడు శత్రువు వానిని చెరుపకుండ చేయుట వారి లక్ష్యము. పియానో వాద్యమును తనంతట మ్రోగించు రంధ్రముల కాగితపు చుట్టను పోలిన సాధనముతో 88 బాటలను మార్చునట్లు వారు ఏర్పాటు చేసిరి. పియానోకు మీటలుకూడ 88! 1942 ఆగస్టు 11వ తేదీన వారికి పేటెంటు లభించినది. ఆనాటి నౌకాదళము దానిని ఉపయోగింపలేదు. కాని వారి ముందుచూపునకు తరువాతి తరములవారు తగిన గౌరవము చూపిరి. అమెరికాలోని నూతన నిర్మాతల గౌరవపట్టికలో 2014లో వారిద్దరి పేర్లును చేర్చబడినవి.

రాజుపేరు గల రేడియో

బ్లూటూత్ అనగా నీలిదంతము. యంత్రమునకు ఈ వింతపేరు ఎట్లు వచ్చినది? పదవ శతాబ్దమున డెన్మార్కును ఏలిన హరాల్డ్ అను రాజునకు నీలిదంతుడను బిరుదు ఉండెడిది. విడివిడిగానున్న డేనులను ఒక్క ఏలుబడి క్రిందికి తెచ్చినవాడని ఆయనకు కీర్తి. వేరువేరు సంస్థలు చేయు పరికరములను ఒక్క నియమము క్రిందికి తెచ్చు ప్రయత్నమునకు ఆ రాజు పేరు తగియుండునని ఇంటెల్ సంస్థకు చెందిన జిమ్ కార్డాక్ 1997లో సూచించెను. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, తోషిబా, ఇంటెల్ అను అయిదు సంస్థలు ఇందుకై ఒక సంఘముగా ఏర్పడినవి. ఆ రాజు పేరులోని మొదటి అక్షరములకు చెందిన పురాతన లిపి గుర్తులు రెండు కలసి బ్లూటూత్ చిహ్నమైనవి. ఒక దేశములో చేసిన తొడుగు మరియొక దేశములో చేసిన ఫోనుతో మాటలాడగలుగుచున్నదనిన, దానికి ఈ ఒప్పందమే మూలము.

జతపరచుట

దారి ఏర్పడినంతమాత్రమున చాలదు. ఒక తరగతిగదిలో ఇరువది ఫోనులు, నాలుగు కీబోర్డులు ఉన్నవనుకొనవచ్చును. ఏ కీబోర్డు ఏ ఫోనునకు చెందినది? ఈ నిర్ణయమునే జతపరచుట అందురు. ఇది మొదటిసారి మాత్రమే చేయవలసిన పని.

ముందుగా తొడుగును చార్జి చేసి, దానిపైనున్న బ్లూటూత్ మీటను కొంతసేపు నొక్కి పట్టవలెను. చిన్నదీపము మినుకుమినుకుమనును. నేనిచ్చట ఉన్నాను, నన్ను గుర్తింపుడు అని కీబోర్డు చాటుచున్నదని దాని అర్థము. పిమ్మట ఫోనులో బ్లూటూత్‌ను తెరచినచో, సమీపముననున్న పరికరముల పేర్లు వరుసగా కనబడును. వానిలో కీబోర్డు పేరును తాకవలెను. అపుడు ఫోనుపై ఆరంకెల సంఖ్య యొకటి కనబడును. దానిని కీబోర్డుపై టైపుచేసి ఎంటర్ మీటను నొక్కినచో జత కుదురును.

ఈ ఆరంకెల తంతు దేనికి? తొందరపాటుగలవారు దీనిని వృథాశ్రమయని తలతురు. కాని దీనియందే రక్షణయంతయు ఇమిడియున్నది. కీబోర్డుపై మనుష్యులు టైపు చేయునది కేవలము కథలు, వ్యాసములు కాదు. బ్యాంకు ఖాతా రహస్యపదములు, వైద్యునకు తెలుపు వ్యాధివివరములు, ఆత్మీయులకు వ్రాయు లేఖలు దానిపైనే వ్రాయబడును. గాలిలో పోవు మాటను ఎవడైనను వినవచ్చును. కావున ఆ మాట రహస్యభాషలో పోవలెను; ఆ రహస్యభాషకు తాళపుచెవి ఆ రెండు యంత్రములకు మాత్రమే తెలిసియుండవలెను.

అందరును వినుచుండగా ఇద్దరు రహస్యమును ఏర్పరచుకొనుట సాధ్యమా? సాధ్యమేయని విట్ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1976లో నిరూపించిరి. వారి ఉపాయమును చిన్న లెక్కతో చూపవచ్చును. రాముడు, సీతయ్య అను ఇద్దరు 2, 11 అను సంఖ్యలను బహిరంగముగా ఎన్నుకొనిరనుకొందురు గాక. రాముడు తన మనసులో 3 అని తలచి, 2ను మూడుమార్లు గుణించి 8 అని పైకి చెప్పును. సీతయ్య తన మనసులో 4 అని తలచి, 2ను నాలుగుమార్లు గుణించి 16 పొంది, దానిని 11చే భాగించి, శేషమగు 5ను పైకి చెప్పును. ఇపుడు రాముడు తాను వినిన 5ను మూడుమార్లు గుణించిన 125 వచ్చును. 11చే భాగింప శేషము 4. సీతయ్య తాను వినిన 8ని నాలుగుమార్లు గుణించిన 4,096 వచ్చును. 11చే భాగింప శేషము 4. ఇద్దరికిని 4 అను ఒకే సంఖ్య లభించినది. కాని ఆ 4ను ఎవరును పైకి పలుకలేదు! చిన్నసంఖ్యలైనచో వినువాడు ఊహింపవచ్చును. బహుపెద్ద సంఖ్యలైనచో ఊహించుట అసాధ్యమగును. బ్లూటూత్ వాడు లెక్క ఇంతకంటె కఠినమైనది, సూత్రము ఇదియే.

అయినను ఒక సందు మిగిలినది. మోసగాడొకడు నడుమ చేరి, రామునితో సీతయ్యవలెను, సీతయ్యతో రామునివలెను మాటలాడినచో? ఇద్దరును మోసపోవుదురు. ఈ సందును మూయునదే ఆరంకెల సంఖ్య. అది గాలిలో పోదు. ఫోను అద్దమునుండి మనుష్యుని కంటికి, కంటినుండి చేతికి, చేతినుండి కీబోర్డునకు పోవును. నడుమ దాగినవానికి ఆ దారిలో ప్రవేశము లేదు. పిమ్మట రెండు యంత్రములును ఆ సంఖ్యను 20 చిన్న భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమును ఉభయులును ఎరిగియుండిరా యని సరిచూచుకొనును. ఒక్కటి తప్పినను జత కుదరదు. ఎంత నేర్పు గల యంత్రములైనను, తమ చెలిమికి మనుష్యునే సాక్షిగా పిలుచుకొనుట ఇందలి వింత.

కుదిరిన తాళపుచెవిని ఉభయులును దాచుకొందురు. కావుననే రెండవమారు ఏ సంఖ్యయు అడుగకయే, కీబోర్డు మేలుకొనగనే ఫోను దానిని గుర్తించును. కొన్ని తొడుగులు మొదటిసారియు సంఖ్య నడుగకయే జతపడును. అట్టివానియందు సౌకర్యము హెచ్చు, భద్రత తక్కువ. 2016లో కొందరు పరిశోధకులు, బ్లూటూత్ కాక వేరు పద్ధతులను వాడు చౌక కీబోర్డులు కొన్ని, మీటల సంఖ్యలను గూఢపరచకయే పంపుచున్నట్లు కనుగొనిరి. అట్టి కీబోర్డుపై టైపుచేసినదంతయు పొంచియున్నవానికి తెరచిన ఉత్తరమువంటిది.

సంఖ్య అక్షరమగుట

ఫోనునకు 14 అను సంఖ్య చేరినది. అది ఏ అక్షరము? ఫోనులో ఆంగ్ల అమరిక ఉన్నచో అది కే. ఇన్‌స్క్రిప్ట్ అను తెలుగు అమరిక ఉన్నచో అదియే క. మీట మారలేదు, తొడుగు మారలేదు, గాలిలో పోయిన సంఖ్యయు మారలేదు. ఫోను దానిని చదువు తీరు మారినది. భారతీయ భాషలకు ఒకే తీరున మీటలు అమర్చు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతికి 1991లో జాతీయ ప్రమాణమునందు స్థానము లభించినది. తెలుగులో క ఉన్న మీటపైననే కన్నడమునందును, హిందీయందును క ఉండును.

ఆ పిమ్మట ఫోను అక్షరమును యూనికోడ్ అను ప్రపంచపట్టికలోని సంఖ్యగా భద్రపరచును. అందు 3,072 మొదలు 3,199 వరకు గల 128 స్థానములు తెలుగునకు కేటాయింపబడినవి. క అను అక్షరము సంఖ్య 3,093. పొల్లు సంఖ్య 3,149. ష సంఖ్య 3,127. క్ష వ్రాయుటకు ఈ మూడింటిని వరుసగా టైపు చేయవలెను. ఫోను ఆ మూడు సంఖ్యలను మూడుగానే దాచుకొని, అద్దముపై మాత్రము ఒక్క సంయుక్తాక్షరముగా చిత్రించును. అట్లు వ్రాసిన తెలుగు లేఖను ఏ దేశముననున్న తెలుగువారి ఫోనునకు పంపినను, అచ్చటను అవే సంఖ్యలు, అవే అక్షరములు. తొడుగు పైభాగమున ఆంగ్లాక్షరములు మాత్రమే ముద్రింపబడియున్నను, దానిపై తెలుగు వ్రాయుటకు అడ్డు లేదు.

తొడుగులోని బ్యాటరీ

ఇక చివరిప్రశ్న బలమును గూర్చినది. ఈ తొడుగులలో లిథియము-అయాను జాతి బ్యాటరీలు వాడబడుచున్నవి. వీనిని మొదట విపణికి తెచ్చినది 1991లో సోనీ సంస్థ. వీని నిర్మాణమునకు బాటలు వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 సంవత్సరములు. నోబెల్ పొందినవారిలో ఆయనయే అందరికంటె వృద్ధుడు.

ఈ బ్యాటరీలో రెండు ఇండ్లు కలవనుకొనవచ్చును. ఒకటి గ్రాఫైటు పొరలతో చేసినది. రెండవది కోబాల్టు మొదలగు లోహముల ఆక్సైడుతో చేసినది. చార్జి చేయునపుడు లిథియము అయానులు ఆక్సైడు ఇంటిని వీడి గ్రాఫైటు పొరల నడుమ చేరును. వాడునపుడు అవి మరల తమ ఇంటికి తరలును. వానికి తోడుగా ఎలక్ట్రానులు వెలుపలి తీగలగుండ ప్రవహించును. ఆ ప్రవాహమే కీబోర్డును నడపు విద్యుత్తు.

తొడుగులో 200 మిల్లీఆంపియరు-గంటల బ్యాటరీ ఉన్నదనియు, వ్రాయునపుడు కీబోర్డు 2 మిల్లీఆంపియర్లు వాడుననియు అనుకొన్నచో, అది 100 గంటలు పనిచేయును. దినమునకు రెండుగంటలు వ్రాయువానికి 50 దినములు వచ్చును. కాని రేయింబవళ్లు మేలుకొనియున్నచో నాలుగు దినములలోనే అయిపోవును. అందుచే కొంతసేపు ఎవరును మీట నొక్కనిచో కీబోర్డు తానే నిద్రించును. మరల మీట నొక్కినపుడు మేలుకొని, ఫోనును వెదకి, పాతచెలిమిని గుర్తుచేసికొనును. అందుకు కొంతకాలము పట్టుటచే, మొదటి అక్షరము ఒక్కొక్కమారు పడకపోవుట కలదు. అది లోపము కాదు. పొదుపునకు చెల్లించిన మూల్యము.

ఈ చిన్నబ్యాటరీ ఫోనునుకూడ చార్జి చేయునని కొందరు భ్రమపడుదురు. ఫోను బ్యాటరీ 4,000 మిల్లీఆంపియరు-గంటలదైనచో, 200 అందులో ఇరువదవ భాగము మాత్రమే. ఫోనునకు బలము పంచు తొడుగులు వేరు. వానిలో పెద్ద బ్యాటరీయు, ఫోను రంధ్రములోనికి పోవు మొనయు ఉండును. బ్యాటరీ ఇచ్చు సుమారు 3.7 వోల్టులను 5 వోల్టులకు పెంచి పంపుటలో కొంతశక్తి వేడిమిగా పోవును. అట్టి తొడుగులు బరువైనవి. కొనువారు తమకు కావలసినది వ్రాతయా, బలమా యని ముందుగా విచారించుకొనవలెను.

లిథియము బ్యాటరీ మంచిసేవకుడే కాని ఓర్పు తక్కువ. 4.2 వోల్టులకు మించి చార్జి చేసినను, గ్రుచ్చినను, మిక్కిలి వేడిలో ఉంచినను అది చెడును, ఒక్కొక్కపుడు మండును. అందుకే దానితో ఒక రక్షణ సర్క్యూటు అమర్చబడును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవి ఎండ 45 డిగ్రీలను దాటుచుండును. ఎండలో నిలిపిన కారులోపల వేడిమి ఇంకను హెచ్చు. తొడుగును అట్టిచోట విడిచిపెట్టుట గాని, దిండు క్రింద నుంచి చార్జి చేయుట గాని తగదు. ఉబ్బిన బ్యాటరీని వెంటనే వాడుట మానవలెను. పనికిరాని బ్యాటరీని చెత్తకుప్పలో వేయక, సేకరణ కేంద్రములకు చేర్చవలెను. భారతదేశమున ఇందుకై 2022లో ప్రత్యేక నియమములు వచ్చినవి.

చెలిమి చెడినపుడు

ఒక్కొక్కమారు మీటలు ఎంత నొక్కినను ఫోనుపై అక్షరము పడదు. అపుడు కోపగించి తొడుగును పారవేయుట కంటె, వరుసగా కారణములను విచారించుట మేలు. బ్యాటరీలో చార్జి ఉన్నదా? ఫోనులో బ్లూటూత్ తెరచియున్నదా? కీబోర్డు ఇదివరలో వేరొక ఫోనుతో జతపడి, ఇపుడు దానితోనే మాటలాడుచున్నదా? తండ్రి ఫోనుతో ముందుగా జతపరచిన కీబోర్డును పిల్లవాడు ముంగిట కూర్చుండి నొక్కుచుండగా, అక్షరములు లోపలిగదిలోని తండ్రి ఫోనుపై పడుట అసంభవము కాదు. ఏదియు పనిచేయనిచో, ఫోనులోని పాతజతను తొలగించి, ఆరంకెల తంతును క్రొత్తగా జరుపవలెను. పాత తాళపుచెవి ఒకరియొద్ద పోయినపుడు రెండవవారియొద్ద ఉన్నను ఫలము లేదు గదా!

ఇతరులకు తొడుగును అమ్మునపుడు గాని, ఇచ్చునపుడు గాని పాతజతను తొలగించుట మరువరాదు. తెలియని కీబోర్డు పేరు ఫోనులో కనబడి, జతకు అనుమతి అడిగినచో అంగీకరింపరాదు. అట్లు అంగీకరించుట, ముక్కుమొగము తెలియనివాని చేతికి కలమును, సంతకమునుకూడ ఇచ్చుట వంటిది.

అక్షరము తెలియని కీబోర్డు, చేతులు లేని ఫోను వేరువేరుగా నున్నపుడు ఒక లేఖయైన వ్రాయజాలవు. ఒకరినొకరు గుర్తించి, రహస్యమును కాపాడుకొని, ఒకే పట్టికను అంగీకరించి, ఎవరి బలము వారు తెచ్చుకొన్నపుడు మాత్రమే వానిచే వ్రాతపని సాగుచున్నది. కంటికి తీగ కానరాకున్నను బంధము లేకపోలేదు. వేలమంది శాస్త్రజ్ఞులు, ఇంజనీరులు ఎన్నో సంవత్సరములు కూర్చుండి కుదుర్చుకొన్న ఒప్పందములే ఆ బంధము. దానిని మొదటిసారి ముడివేయు చేయి మాత్రము వాడుకరిదే.